జాన్ బటర్‌ఫీల్డ్

జాన్ బటర్‌ఫీల్డ్ (నవంబర్ 18, 1801 - నవంబర్ 14, 1869) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన రవాణా వ్యాపారి. మిస్సిసిపీ నది ప్రాంతానికీ, పసిఫిక్ తీరంలోని శాన్ ఫ్రాన్సిస్కోకూ మధ్య వారానికి రెండుసార్లు తపాలా చేరవేసిన ఓవర్‌లాండ్ మెయిల్ కంపెనీకి ఇతడు వ్యవస్థాపక అధ్యక్షుడు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థను నెలకొల్పిన ముగ్గురు ప్రముఖులలో ఒకడు. ఇతని బండ్లు దక్షిణపు దారిలో నడచినది కేవలం రెండున్నర సంవత్సరాలే. అయినప్పటికీ ఆ దారికి 2023లో అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక మార్గంగా గుర్తింపునిచ్చింది.

బాల్యము, తొలి ఉద్యోగము

బటర్‌ఫీల్డ్ న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ నగరానికి చేరువలోనున్న బెర్న్ అనే గ్రామీణ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి పేరు డేనియల్. పాఠశాల చదువు ఇతనికి స్వల్పంగానే అబ్బింది. యుక్తవయస్సులోనే ఆల్బనీలో స్టేజికోచ్ తోలే పనిలో చేరాడు. స్టేజికోచ్ అనగా మజిలీ మజిలీకి అలసిన గుర్రాలను విప్పి, కొత్త గుర్రాలను పూన్చుకొంటూ సాగే ప్రయాణికుల బండి. రైళ్ళు లేని ఆ కాలంలో పట్టణాల మధ్య ప్రజల రాకపోకలకూ, ఉత్తరాల బట్వాడాకూ ఈ బండ్లే ఆధారం.

యూటికా పట్టణంలో బండ్ల వ్యాపారం చేస్తున్న జేసన్ పార్కర్ ఇతని పనితనం గమనించి తన వద్దకు రప్పించుకొన్నాడు. అక్కడ బటర్‌ఫీల్డ్ బండి తోలేవాడిగా మొదలై, క్రమంగా సొంత గుర్రాలనూ బండ్లనూ సమకూర్చుకొని, న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర, పశ్చిమ భాగాలలో ఎన్నో మార్గాలకు యజమాని అయ్యాడు. జీవితాంతం యూటికాయే ఇతని నివాసం.

1822లో మలిండా హారియట్ బేకర్‌ను వివాహమాడాడు. వీరికి తొమ్మిదిమంది సంతానం. వారిలో డేనియల్ బటర్‌ఫీల్డ్ అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి జనరల్‌గా పనిచేశాడు. సైనికుల అంత్యక్రియలలో నేటికీ వినిపించే టాప్స్ అనే బూరా స్వరం ఇతని పేరుతో ముడిపడి ఉన్నది.

వ్యాపార విస్తరణ

1830ల నుండి రైలు మార్గాలు రావడంతో న్యూయార్క్ రాష్ట్రంలో గుర్రపు బండ్ల వ్యాపారం తగ్గుముఖం పట్టింది. బటర్‌ఫీల్డ్ కొత్త సాధనాలను వ్యతిరేకించక, వాటిలోనే పెట్టుబడి పెట్టాడు. సరస్సులపై ఆవిరి పడవలు, చెక్క పలకలు పరచిన రోడ్లు, రైలు మార్గాలు, యూటికా వీధులలో పట్టాలపై నడిచే బండ్లు - వీటన్నింటిలో ఇతనికి భాగముండేది. న్యూయార్క్, ఆల్బనీ, బఫెలో నగరాలను కలిపిన తొలి టెలిగ్రాఫు కంపెనీ పెట్టుబడిదారులలో ఇతడొకడు.

ఆనాటి ప్రభుత్వ తపాలా శాఖ ప్రధానంగా ఉత్తరాలకూ పత్రికలకూ పరిమితమై ఉండేది. డబ్బు, విలువైన వస్తువులు, పార్సెళ్ళు చేరవేసే పనిని ఎక్స్‌ప్రెస్ కంపెనీలనే ప్రైవేటు సంస్థలు చేసేవి. 1849లో బటర్‌ఫీల్డ్ జేమ్స్ వాసన్‌తో కలిసి అటువంటి సంస్థనొకదానిని స్థాపించాడు. మరుసటి సంవత్సరం, అంటే 1850లో, హెన్రీ వెల్స్, విలియం ఫార్గో నడుపుతున్న సంస్థలతో దానిని విలీనం చేయగా అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఏర్పడింది. రెండేళ్ళ తరువాత ఆ వ్యాపారాన్ని కాలిఫోర్నియాకు విస్తరించాలని వెల్స్, ఫార్గోలు ప్రతిపాదించినపుడు, బటర్‌ఫీల్డ్ తదితర డైరెక్టర్లు అంగీకరించలేదు. అందువలన వెల్స్, ఫార్గోలు 1852లో తమ పేర్లతోనే వేరొక సంస్థను నెలకొల్పారు. ఆనాడు కాలిఫోర్నియా వద్దన్న బటర్‌ఫీల్డ్ ఐదేళ్ళ తరువాత కాలిఫోర్నియాకు తపాలా నడిపే బాధ్యతను స్వీకరించడమూ, ఆ పనిలో వెల్స్ ఫార్గో సంస్థకు ఋణపడటమూ గమనించదగినవి.

ఓవర్‌లాండ్ మెయిల్ గుత్త

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయల్పడిన తరువాత లక్షలాది జనం అక్కడకు తరలిపోయారు. 1850లో అది రాష్ట్రమైంది. కాని తూర్పు తీరం నుండి ఉత్తరాలు ఓడలో పనామా వరకు వెళ్ళి, అక్కడి భూభాగం దాటి, తిరిగి ఓడలో ఉత్తరంగా ప్రయాణించాల్సి వచ్చేది. నేల మీదుగా క్రమబద్ధమైన తపాలా కావాలని కాలిఫోర్నియా ప్రజలు ఒత్తిడి చేయగా, మార్చి 3, 1857న అమెరికా కాంగ్రెసు అందుకు చట్టం చేసింది. మిస్సిసిపీ నది నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు 25 రోజులలో తపాలా చేరాలి. నాలుగు గుర్రాలు పూన్చిన, ప్రయాణికులకు అనువైన బండ్లు నడపాలి. వారానికి రెండుసార్లు నడిపితే ఏడాదికి 6 లక్షల డాలర్లు, ఆరు సంవత్సరాలపాటు చెల్లిస్తారు. ఇవి ఆ చట్టంలోని ముఖ్యాంశాలు.

బటర్‌ఫీల్డ్, విలియం డిన్స్‌మోర్, విలియం ఫార్గో, అలెగ్జాండర్ హాలండ్ ప్రభృతులతో కూడిన బృందానికి ఈ గుత్త దక్కింది. సెప్టెంబర్ 16, 1857న ఒప్పందం కుదిరింది. సరిగా ఏడాదిలో పని మొదలుపెట్టాలి.

దారి ఎంపికపై తీవ్ర వివాదం చెలరేగింది. నాటి పోస్టుమాస్టరు జనరల్ ఏరన్ బ్రౌన్ టెనెసీ రాష్ట్రానికి చెందిన దక్షిణాదివాడు. దక్షిణపు దారిలో మంచు అడ్డురాదు కాబట్టి ఏడాది పొడవునా బండ్లు నడుస్తాయని అతని వాదన. బానిసత్వంపై దేశం రెండుగా చీలుతున్న రోజులవి. తపాలా దారి వెంటనే రేపు రైలు మార్గం కూడా వస్తుందని, ఆ లాభం దక్షిణాదికి కట్టబెట్టడానికే ఈ చుట్టు దారి ఎంచుకొన్నారని ఉత్తరాది పత్రికలు విమర్శించాయి. పటం మీద ఈ దారి దక్షిణంగా వంగి ఎద్దు మెడలోని కాడి వంపును పోలి ఉండడంతో, దానికి ఆ అర్థం వచ్చే ఎగతాళి పేరు కూడా వచ్చింది.

ఏర్పాట్లు

తూర్పున సెయింట్ లూయిస్, మెంఫిస్ నగరాల నుండి బయలుదేరే రెండు శాఖలు అర్కాన్సాస్‌లోని ఫోర్ట్ స్మిత్ వద్ద కలిసేవి. సెయింట్ లూయిస్ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దూరం సుమారు 2,800 మైళ్ళు (4,500 కి.మీ.). అందులో తొలి 160 మైళ్ళు, మిస్సోరీలోని టిప్టన్ వరకు, రైలులో సాగేది. అక్కడినుండి ముఖ్యమైన మజిలీలు వరుసగా ఇవి:

* స్ప్రింగ్‌ఫీల్డ్ (మిస్సోరీ), ఫేయట్‌విల్, ఫోర్ట్ స్మిత్ (అర్కాన్సాస్)
* చొక్టా, చికసా జాతుల భూభాగం (నేటి ఓక్లహోమా)
* షెర్మన్, ఫోర్ట్ బెల్క్‌నాప్, ఫోర్ట్ చాడ్‌బోర్న్, ఫ్రాంక్లిన్ అనబడిన నేటి ఎల్ పాసో (టెక్సాస్)
* మెసియా (నేటి న్యూ మెక్సికో)
* అపాచీ కనుమ, టూసాన్ (నేటి అరిజోనా)
* ఫోర్ట్ యూమా, లాస్ ఏంజెలిస్, విసాలియా, శాన్ హోసే (కాలిఫోర్నియా)

ఏడాదిలోగా దారిని పరిశీలించి, బావులు తవ్వించి, ఏటి రేవులను చదునుచేసి, 140కి పైగా మజిలీలను ఏర్పరచవలసి వచ్చింది. ఆ తరువాత మజిలీల సంఖ్య ఇంకా పెరిగింది. ప్రతి మజిలీలో గుర్రాలు లేక కంచరగాడిదలు, వాటికి గడ్డి, దాణా, నీరు, మనుషులకు భోజనం సిద్ధంగా ఉండాలి. టెక్సాస్‌లో కాంచో నది మొదలు పేకోస్ నదిపైనున్న హార్స్‌హెడ్ రేవు వరకు సుమారు 75 మైళ్ళ మేర నీటిచుక్క దొరికేది కాదు. ఎడారి మజిలీలకు నీటిని, మేతను బండ్లపై మోసుకుపోవలసి వచ్చేది.

మంచి రోడ్లున్న చోట కాంకర్డ్ పట్టణంలో తయారైన బరువైన మూసిన కోచ్‌లు నడిచేవి. దారిలో అధికభాగం గతుకుల నేల, ఇసుక కావడంతో అక్కడ సెలెరిటీ వ్యాగన్ అనే తేలికపాటి బండ్లను వాడారు. వీటికి పైన కాన్వాసు గుడ్డ కప్పు ఉండేది. లోపలి మూడు వరుసల ఆసనాల వీపులను వాల్చితే పడకగా మారేవి. ఇనుప స్ప్రింగులకు బదులు దళసరి తోలు పట్టీలపై బండి తొట్టి వేలాడేది. సినిమాలలో కనిపించే ఎత్తైన మూసిన కోచ్ ఈ దారి మొత్తంలో తిరిగిందనుకోవడం సరికాదు.

బంగారం, వెండి, విలువైన సరుకులు బండ్లలో తీసుకుపోరాదని బటర్‌ఫీల్డ్ నియమం పెట్టాడు. దోపిడీదారులకు ఆకర్షణ లేకుండా చేయడం దీని ఉద్దేశం.

తొలి ప్రయాణము

సేవ మొదలు కావడానికి వారం రోజుల ముందు, సెప్టెంబర్ 1858లో, నేటి అరిజోనాలోని డ్రాగూన్ స్ప్రింగ్స్ మజిలీని కడుతున్న సిబ్బందిపై వారితో పనిచేస్తున్న కూలీలే రాత్రివేళ దాడి చేశారు. ముగ్గురు మరణించారు. సైలాస్ సెయింట్ జాన్ అనే ఉద్యోగి తీవ్రంగా గాయపడి, చేయి కోల్పోయి, బ్రతికి బయటపడ్డాడు.

అయినా అనుకున్న తేదీకే బండ్లు కదిలాయి. పడమటి నుండి తొలి తపాలా సెప్టెంబర్ 15న శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి అక్టోబర్ 9న సెయింట్ లూయిస్ చేరింది. తూర్పు నుండి తొలి తపాలా సెప్టెంబర్ 16న బయలుదేరి అక్టోబర్ 10న శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. అంటే గడువుకన్నా ఒకరోజు ముందుగానే గమ్యం చేరింది. అప్పటికి 56 ఏళ్ళ వయస్సున్న బటర్‌ఫీల్డ్ స్వయంగా సెయింట్ లూయిస్ నుండి ఫోర్ట్ స్మిత్ వరకు తపాలాతో ప్రయాణించాడు. టిప్టన్ నుండి తొలి బండిని తోలినది ఇతని కుమారుడు జాన్. న్యూయార్క్ హెరాల్డ్ పత్రికా విలేఖరి వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ ఒక్కడే చివరి వరకు ప్రయాణించాడు. అతడు పత్రికకు పంపిన లేఖలు ఆ దారిని గురించి నేడు లభిస్తున్న అత్యంత విలువైన ప్రత్యక్ష వృత్తాంతాలు.

పడమటికి పూర్తి ప్రయాణానికి ఛార్జీ 200 డాలర్లు. భోజనం ఖర్చు అదనం. అర ఔన్సు ఉత్తరానికి 10 సెంట్లు. బండ్లు రాత్రింబవళ్ళు ఆగకుండా గంటకు సగటున ఐదు మైళ్ళ వేగంతో సాగేవి. గుర్రాలు మార్చేందుకు పట్టే నిమిషాలే ప్రయాణికులకు విశ్రాంతి.

స్థానిక జాతులు - తపాలా దారి

ఈ దారి నిర్జన ప్రదేశం గుండా పోలేదు. చొక్టా, చికసా జాతుల భూభాగంలోని పన్నెండు మజిలీలలో పెక్కింటిని ఆ జాతులవారే నిర్వహించారు. వంతెనల వద్ద, రేవుల వద్ద సుంకం వసూలు చేసుకొనే హక్కును అక్కడి పాలక మండలి తమవారికిచ్చింది. ఎర్ర నదిపై బండ్లను బల్లకట్టుతో దాటించినవాడు చికసా జాతికి చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కోల్బర్ట్.

పడమటి భాగంలో దారి కొమాంచీ, అపాచీ జాతుల నేలలను చీల్చుకొనిపోయింది. అపాచీ కనుమలోని మజిలీకి నాయకుడు కొచీస్ మనుషులు కొంతకాలం వంటచెరకు సరఫరా చేశారు. ఫిబ్రవరి 1861లో ఒక బాలుని అపహరణ నేరాన్ని సైన్యం కొచీస్‌పై మోపింది. చర్చలకు పిలిచి, బంధించబోగా అతడు తప్పించుకొన్నాడు. ఇరువైపులా బందీలు హతులయ్యారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి సాగిన యుద్ధానికి ఆ మజిలీ పరిసరాలే ఆరంభస్థలం. ఈ కారణంగా ఓవర్‌లాండ్ దారి చరిత్రను తపాలా సాధించిన విజయంగా మాత్రమే చెప్పడం అసంపూర్ణమవుతుంది.

పదవి కోల్పోవుట

తపాలా సమయానికి చేరుతున్నప్పటికీ ఖర్చు ఆదాయాన్ని మించిపోయింది. తొలి సంవత్సరంలో ఈ దారిలో తపాలా శాఖకు వచ్చిన రాబడి సుమారు 27 వేల డాలర్లు మాత్రమే. చెల్లింపు 6 లక్షలు. 1859లో బ్రౌన్ మరణానంతరం పోస్టుమాస్టరు జనరల్ అయిన జోసెఫ్ హోల్ట్ ఇటువంటి ఖర్చులను తగ్గించడానికి పూనుకొన్నాడు. అదే ఏడాది కాంగ్రెసు తపాలా శాఖ నిధుల బిల్లును సకాలంలో ఆమోదించకపోవడంతో గుత్తదారులకు చెల్లింపులు నిలిచిపోయాయి. కంపెనీ వెల్స్ ఫార్గో సంస్థకు అప్పుపడింది. మార్చి 1860లో డైరెక్టర్లు బటర్‌ఫీల్డ్‌ను అధ్యక్ష పదవి నుండి తప్పించి డిన్స్‌మోర్‌ను నియమించారు.

1861 ఆరంభంలో టెక్సాస్ అమెరికా సమాఖ్య నుండి విడిపోయింది. దక్షిణపు దారిలో తపాలా అసాధ్యమైంది. మార్చి 2, 1861న కాంగ్రెసు ఈ సేవను సాల్ట్ లేక్ సిటీ మీదుగా పోయే మధ్య దారికి మార్చింది. ఆరేళ్ళ గుత్తలో దక్షిణపు దారి వంతు రెండున్నర సంవత్సరాలతో ముగిసింది. అదే సంవత్సరం అక్టోబర్‌లో ఖండాన్ని దాటిన టెలిగ్రాఫు తీగ పూర్తయింది.

చివరి దినములు

బటర్‌ఫీల్డ్ యూటికాలోని వ్యాపారాలకు మరలి వచ్చాడు. 1865లో ఆ నగరానికి మేయరుగా ఎన్నికయ్యాడు. 1867లో పక్షవాతానికి గురై కోలుకోలేకపోయాడు. మే 10, 1869న తూర్పు పడమరలను కలుపుతూ తొలి రైలు మార్గం పూర్తయింది. అదే సంవత్సరం నవంబర్ 14న బటర్‌ఫీల్డ్ యూటికాలో మరణించాడు. అక్కడి ఫారెస్ట్ హిల్ శ్మశానవాటికలో ఇతని సమాధి ఉన్నది.

జాతీయ చారిత్రక మార్గంగా గుర్తింపు

బండ్లు ఆగిపోయిన తరువాత మజిలీలలో చాలావరకు శిథిలమయ్యాయి. దారిలో కొన్ని భాగాలు కౌంటీ రోడ్లుగా, హైవేలుగా మారిపోయాయి. కొన్ని చోట్ల చక్రాల గాళ్ళు మాత్రమే మిగిలాయి. 1930లలో రోస్కో కాంక్లింగ్, మార్గరెట్ కాంక్లింగ్ దంపతులు కారులో ఈ దారిని వెదకుతూ పోయి, మజిలీల స్థలాలను ఒక్కొక్కటిగా గుర్తించారు. వారి పరిశోధన 1947లో మూడు సంపుటాలుగా వెలువడింది. శతవార్షికోత్సవ సందర్భంగా అక్టోబర్ 10, 1958న అమెరికా తపాలా శాఖ 4 సెంట్ల స్మారక బిళ్ళను విడుదల చేసింది.

అమెరికాలో జాతీయ మార్గాల చట్టం 1968లో వచ్చింది. చారిత్రక మార్గాలు అనే విభాగాన్ని 1978లో దానికి చేర్చారు. ఈ హోదా లభించాలంటే మూడు షరతులు నెరవేరాలి:

* ఆ దారి చారిత్రకంగా వాడుకలో ఉండి, ఆ వాడుక వలననే ప్రాముఖ్యం పొంది ఉండాలి.
* ఆ ప్రాముఖ్యం ఒక ప్రాంతానికి పరిమితం కాక జాతీయ స్థాయిదై ఉండాలి.
* ప్రజల సందర్శనకు, చరిత్ర పట్ల ఆసక్తికి గణనీయమైన అవకాశం ఉండాలి.

కాంగ్రెసు 2009లో చేసిన చట్టం ద్వారా బటర్‌ఫీల్డ్ దారి ఈ షరతులకు తగినదో కాదో పరిశీలించమని ఆదేశించింది. అర్కాన్సాస్‌కు చెందిన జాన్ బూజ్‌మన్ ఇందుకు కృషి చేసిన ప్రజాప్రతినిధులలో ముఖ్యుడు. జాతీయ ఉద్యానవనాల సేవా సంస్థ ప్రజాభిప్రాయాన్ని సేకరించి, పటాలు, పాత దస్తావేజులు, మిగిలిన ఆనవాళ్ళు పరిశీలించి, 2018లో నివేదిక సమర్పించింది. దారి మూడు షరతులనూ నెరవేరుస్తున్నదని ఆ నివేదిక తేల్చింది. ఇంత స్వల్పకాలం నడిచిన దారికి జాతీయ ప్రాముఖ్యం ఎక్కడిదన్న సందేహానికి దారి చరిత్రలోనే సమాధానం కనిపిస్తుంది. ప్రభుత్వ గుత్తపై, నిర్ణీత కాలపట్టిక ప్రకారం, దేశపు రెండు కొసల మధ్య ఉత్తరాలనూ ప్రయాణికులనూ ఏడాది పొడవునా నేల మీదుగా చేర్చడం అంతకుముందు జరగలేదు.

అనంతరం సెనేట్‌లో బూజ్‌మన్, ప్రతినిధుల సభలో అదే రాష్ట్రానికి చెందిన స్టీవ్ వోమాక్ హోదా కోసం బిల్లు ప్రవేశపెట్టారు. జనవరి 5, 2023న అధ్యక్షుడు జో బైడెన్ సంతకంతో అది చట్టమైంది. రెండు తూర్పు శాఖలతో, మధ్యలో మారిన దారులతో కలిపి మార్గం పొడవు సుమారు 3,292 మైళ్ళు (5,298 కి.మీ.). ఇది మిస్సోరీ, టెనెసీ, అర్కాన్సాస్, ఓక్లహోమా, టెక్సాస్, న్యూ మెక్సికో, అరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రాల గుండా పోతుంది.

ఈ హోదా వలన దారి ప్రభుత్వపరం కాదు. మార్గంలో చాలా భాగం రైతుల, పశుపాలకుల సొంత భూములలో ఉన్నది. యజమాని సమ్మతి లేకుండా అటువంటి భూమిని ప్రభుత్వం తీసుకోరాదని చట్టంలోనే రాశారు. సూచికలు, పటాలు, వివరణ ఫలకాలు, పరిరక్షణకు సాంకేతిక సహాయం వంటివి ఈ హోదా వలన కలిగే ప్రయోజనాలు.

చూడదగిన ఆనవాళ్ళు

* టెక్సాస్‌లో గ్వాడలూప్ పర్వతాల జాతీయ ఉద్యానవనంలోని పైనరీ మజిలీ రాతి గోడలు.
* అరిజోనాలో డ్రాగూన్ స్ప్రింగ్స్ మజిలీ శిథిలాలు, సమాధులు.
* అరిజోనాలో ఫోర్ట్ బోయీ చారిత్రక స్థలంలోని అపాచీ కనుమ మజిలీ పునాదులు.
* కాలిఫోర్నియాలో వార్నర్స్ రాంచ్.

పేర్ల విషయంలో అపోహలు

బటర్‌ఫీల్డ్ కంపెనీ అసలు పేరు ఓవర్‌లాండ్ మెయిల్ కంపెనీ. వ్యవహారంలో దానికి ఇతని పేరు స్థిరపడింది. గుర్రపు రౌతులతో ఉత్తరాలు పంపిన పోనీ ఎక్స్‌ప్రెస్‌ను 1860లో ప్రారంభించినది ఇతడు కాదు. రస్సెల్, మేజర్స్, వాడెల్ అనే భాగస్వాములు. 1865లో కాన్సాస్ నుండి బండ్లు నడిపిన బటర్‌ఫీల్డ్ ఓవర్‌లాండ్ డిస్పాచ్ అనే సంస్థ డేవిడ్ బటర్‌ఫీల్డ్ అనే వేరొక వ్యాపారిది. ఈ దారిని వెల్స్ ఫార్గో దారిగా చెప్పడం కూడా కొన్ని పుస్తకాలలో కనిపిస్తుంది. దక్షిణపు దారిలో సేవను ఏర్పాటు చేసి ఆరంభంలో నడిపినవాడు బటర్‌ఫీల్డ్ కాగా, ఆ సంస్థ అప్పు ఇచ్చినది మాత్రమే.